లోపలికి పోయే ఊపిరి

నేను కాపురానికి వచ్చేనాటికి మా మామ పోయి రెండేళ్ళయింది. ఆయన్ని నేను చూడలేదు. కానీ మిర్యాలగూడలో మా వాడలో ఆయన దమ్ము జబ్బు గురించి చెప్పనివాళ్ళు లేరు. ఇరవై ఏళ్ళు ఉబ్బసంతో బాధపడ్డాడట. చలి మొదలైతే పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునేవాడట. మా అత్తమ్మ ఒక చేత్తో కొలిమి తిత్తి ఊదుతూ, ఇంకో చేత్తో ఆయన వీపు రాస్తూ సంసారం ఈడ్చుకొచ్చిందని ఇరుగుపొరుగువాళ్ళు చెప్పేవారు. ఆ మాట ఆమె ఎదుట ఎవరైనా అంటే, "నాకేమన్న నాలుగు చేతులున్నయా? కొలిమి కాడ కొలిమి, మొగని కాడ మొగడు" అని కసిరేది. మెత్తగా మాట్లాడటం ఆమెకు చేతకాదు.

మాది సూర్యాపేట. మా నాన్న వడ్రంగి. ఊళ్ళో కొందరు పెద్దలు కలిసి ఒక గదిలో తెలుగు పుస్తకాలు, పత్రికలు పెట్టుకుంటే, ఆ గదికి బల్లలూ బీరువాలూ చేసింది ఆయనే. పని సాగినన్నాళ్ళూ నేను అన్నం మూట తీసుకుపోయి, ఆయన తిని చేయి కడుక్కునేదాకా పత్రికలు తిరగేస్తూ కూర్చునేదాన్ని. అక్కడికి వచ్చే ఒక పెద్దాయన నాకు అక్షరాలు చూపించాడు. అలా కూడబలుక్కుని చదవడం వచ్చింది. రాయడం మాత్రం రాలేదు. రాయవలసిన అవసరం ఏముంది అప్పుడు?

పదహారేళ్ళకు నన్ను మిర్యాలగూడ కమ్మరివాళ్ళ ఇంటికి ఇచ్చారు. మా ఆయన ఒక్కడే కొడుకు. మాట తక్కువ, పని ఎక్కువ. బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించాలంటే చుట్టుపక్కల ఊళ్ళ బండ్లన్నీ మా వాకిట్లోకే వచ్చేవి. నేను వెళ్ళిన రెండు నెలల్లో తిత్తి ఊదడం నేర్చుకున్నాను. అత్తమ్మ పక్కన నిలబడి, "అట్ల గుంజకు, నిమ్మలంగ నిండనియ్యి" అనేది తప్ప బాగుందని ఒక్కనాడూ అనలేదు.

సరిహద్దుకు అవతల తెల్లవాళ్ళు వెళ్ళిపోయి జెండాలు ఎగరేసిన ఏడాది మాకు జ్వరాల ఏడాది. వానలు తగ్గుముఖం పడుతుండగా నాకు మోతీజరా వచ్చింది. టైఫాయిడ్‌ను మా వైపు అలాగే అనేవారు. నలభై రోజులు మంచం మీదే ఉన్నాను. జుట్టంతా ఊడిపోయింది. మధ్యలో గొంతు పూర్తిగా పోయింది. నీళ్ళు కావాలన్నా చేయి ఊపి చూపించడమే. జ్వరం దిగాక మాట తిరిగి వచ్చింది కానీ బొంగురుగా వచ్చింది. మనిషి బతికింది, అదే పదివేలనుకున్నారు అందరూ. నేనూ అంతే అనుకున్నాను.

రెండు నెలలు గడిచాక ఒకరోజు బావి దగ్గర రెండు బిందెలు చేది, మూడోది చేదుతుంటే గొంతులో సన్నగా ఈల వేసినట్టయింది. ఆగాను. ఈలా ఆగింది. మళ్ళీ చేదితే మళ్ళీ వచ్చింది. పక్కనున్న ఆమె, "ఏందే, పిల్లి పిల్లను మింగినవా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. నెల తిరిగేసరికి ఇంట్లోంచి వాకిట్లోకి నడిచినా ఆ చప్పుడు వచ్చేది. తిత్తి ఊదడం కుదరలేదు. నాలుగు ఊపులకే కళ్ళు చీకట్లు కమ్మేవి.

దమ్ము అన్నారు. అనకుండా ఎలా ఉంటారు? ఆ ఇంట్లో ఒకరు దమ్ముతోనే పోయారాయె. మామ కూర్చున్న గోడ పక్కన కోడలు కూర్చుంటే అంటుకోదా అన్నవాళ్ళున్నారు. కొలిమి పొగ పడలేదన్నవాళ్ళున్నారు. మా అత్తమ్మ కూడా మొదట్లో దమ్మే అనుకుంది. మామకు ఇచ్చిన మందులన్నీ వరసగా నాకూ ఇచ్చింది. అడ్డసరం ఆకు కషాయం తాగించింది. మిరియాలు, తేనె నాకించింది. ఉమ్మెత్త ఆకులు ఎండబెట్టి నిప్పుల మీద వేసి పొగ పీల్చమంది. మామకు ఆ పొగతో గుండె తేలికపడేదట. నాకు దగ్గు వచ్చి, గొంతు ఇంకా బిగుసుకుని, ప్రాణం పోయినంత పనయింది. అప్పుడు ఆమె నా ముఖంలోకి వింతగా చూసింది.

సంక్రాంతి దాటాక మా నాన్న బండి కట్టుకుని వచ్చాడు. పొగకు దూరంగా కొన్నాళ్ళు సూర్యాపేటలో ఉంచుతానన్నాడు. మా ఆయన తల ఊపాడు. అత్తమ్మ నా బట్టల మూట కట్టి బండిలో పడేసి, "నయమైనంక రా" అంది. నయం కాకపోతే రావద్దన్నట్టు వినిపించింది నాకు. దారంతా అదే మాట నమిలాను.

సూర్యాపేటలో మా నాన్న నన్ను ఒక డాక్టరుకు చూపించాడు. మంచివాడు. వీపు మీద గొట్టం పెట్టి విని, ఆస్తమా అన్నాడు. చిన్న తెల్ల మాత్రలు ఇచ్చాడు. అవి వేసుకుంటే గుండె దడదడ కొట్టుకునేది, చేతులు వణికేవి, నిద్ర పట్టేది కాదు. గొంతులో ఈల మాత్రం అలాగే ఉండేది. నెలకోసారి సూది వేశాడు. సూది వేసిన పూట కాస్త తేలికైనట్టు అనిపించేది. అది నిజమో నా ఆశో ఇప్పటికీ చెప్పలేను.

ఆ తర్వాత ఊళ్ళు అట్టుడికిపోయాయి. ఎవరు ఎటువైపో తెలియని రోజులు. దారులు తెగిపోయాయి. బల్లేలు కొడుతున్నారనే అనుమానంతో మిర్యాలగూడ వైపు కొలుములు చల్లార్పించారని విన్నాం. మా ఆయన దగ్గరి నుంచి కబురు లేదు. నేను మా అమ్మ ఇంట్లో పగలంతా కూర్చుని ఊపిరి లాగుతూ ఉండేదాన్ని. అవును, లాగుతూ. అన్నం ముద్ద మింగడానికి ఊపిరి ఆపాలి కదా, ఆ క్షణం కూడా భయంగా ఉండేది. బక్కచిక్కి పుల్లలా అయ్యాను. చూడవచ్చినవాళ్ళు మా అమ్మతో గుసగుసగా అనేవారు, "ఇగ ఆ ఇంటికి ఏం పోతది? వాళ్ళు ఇంకో పిల్లను తెచ్చుకుంటరు." నాకు చెవులు బాగానే పనిచేసేవి.

యూనియన్ సైన్యం వచ్చిందని, గొడవ ఖతమైందని అన్నారు. తర్వాత నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం మా అత్తమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడింది. కొంత దూరం ఎవరిదో బండి మీద, కొంత దూరం నడిచి వచ్చిందట. కాళ్ళు మోకాళ్ళ దాకా దుమ్ము. మా అమ్మ ముఖం పాలిపోయింది. తెగతెంపులు చెప్పడానికే వచ్చిందనుకుంది. నేనూ అదే అనుకున్నాను. చెంబుతో నీళ్ళిచ్చి లోపలికి పోయి, గోడ వైపు తిరిగి చాప మీద ఒరిగాను. ఆ నీరసంలో ఏడుపు కూడా రాలేదు. అలాగే నిద్ర పట్టేసింది.

మెలకువ వచ్చేసరికి పొద్దు వాలుతోంది. అత్తమ్మ నా తల దగ్గర కూర్చుని ఉంది. ఎంతసేపటి నుంచి కూర్చుందో. కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోతోందేమో అనుకున్నాను. నేను కదలగానే, "కదలకు. ఊపిరి తియ్యి" అంది.

తీశాను. ఈల వేసింది.

"ఇడువు."

విడిచాను.

"ఇంకోపారి."

అలా పది పన్నెండుసార్లు చేయించింది. తర్వాత వంగి తన చెవిని నా వీపుకు ఆనించింది. ఆ తర్వాత మెడకు ఆనించింది. ఆమె చెవి కమ్మ నా మెడకు చల్లగా తగిలింది. లేచి వాకిట్లోకి పోయి మా నాన్నను పిలిచింది.

"అన్నా, ఇది దమ్ము గాదు."

మా నాన్న బిత్తరపోయాడు. "డాక్టరే చెప్పిండు గద చెల్లే."

"డాక్టరు ఎంతసేపు విన్నడు? నేను ఇరవయ్యేండ్లు విన్న. దమ్మున్నోనికి గాలి లోపలికి మంచిగనే పోతది. ఇడిసేకాడ గోస. రొమ్ముల పిల్లులు కూసినట్టు కూస్తది, ఇడిసి ఇడిసి అలిసిపోతడు. ఈ పిల్ల మంచిగనే ఇడుస్తున్నది. గుంజుకునేకాడ గోస వడుతున్నది. సప్పుడు రొమ్ముల లేదు, ఈడ ఉన్నది" అని తన గొంతు మీద వేలు పెట్టి చూపింది. "ఇంకోటి. పొగ మొఖం సూడక ఎనిమిది నెలలాయె. పొగ దమ్మైతే తక్కువ గావాలె గద? ఎక్కువెందుకైతున్నది?"

నన్ను వదిలించుకోవడానికి వచ్చిందనుకున్న మనిషి నేను నిద్రలో ఉండగా నా ఊపిరి వింటూ కూర్చుంది.

మర్నాడు పొద్దున ముగ్గురం ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. అత్తమ్మ తనకు తోచింది చెప్పింది. మామ ఎలా ఊపిరి తీసేవాడో, నేను ఎలా తీస్తున్నానో రెండూ చేసి చూపించింది. గదిలో ఉన్న రోగులు నవ్వారు. డాక్టరు నవ్వలేదు. అలసిపోయి ఉన్నాడు, ఆ రోజుల్లో గాయాలతో వచ్చేవాళ్ళే ఎక్కువ. "అమ్మా, ఆస్తమా అందరికీ ఒక్క తీరుగ ఉండదు. నాకు తెలిసిన మందులన్నీ ఇచ్చిన. గొంతు లోపల చూసే సామాను నా దగ్గర లేదు" అన్నాడు. అత్తమ్మ ఆ చివరి మాట పట్టుకుంది. "అంటే గొంతు లోపల సూసే సామాను ఉంటదన్నట్టే గద?" అని అడిగింది. పెద్ద దవాఖానాల్లో ఉంటుందన్నాడు.

అత్తమ్మ నన్ను మిర్యాలగూడకు తీసుకువచ్చేసింది. కొలిమి మళ్ళీ రాజుకుంది. కోతల కాలం దగ్గర పడుతుండటంతో బండ్లు వరస కట్టాయి. పట్టా కోసం వచ్చిన ప్రతి బండాయననూ అత్తమ్మ ఒకటే ప్రశ్న అడిగేది: "నువ్వు దేశం తిరుగుతవ్. గొంతుల సూసే డాక్టరు యాడన్న ఉన్నడా?" మా ఆయన విసుక్కునేవాడు. "అందరినీ అడుగుడేందే అవ్వా, నవ్వుతున్నరు." ఆమె పట్టించుకోలేదు. మాడుగులపల్లి బండాయన తెలియదన్నాడు. హుజూర్‌నగర్ నుంచి వచ్చినవాడు తాయెత్తు కట్టించమన్నాడు. చివరికి దామరచర్ల బండాయన ఒకడు చక్రం మీద కూర్చుని చుట్ట కాలుస్తూ చెప్పాడు.

"మా తమ్మునికి గొంతుల బొక్క ఇరికింది అవ్వా, మాంసం తింటుంటే. బెజవాడ అవతల ఒక మిషన్ దవాఖాన ఉన్నది. ఆడ డాక్టరు నెత్తికి అద్దం కట్టుకొని, ఇంత పొడుగు గొట్టం గొంతులకు దించి, బొక్క తీసి చేతిల పెట్టిండు."

అత్తమ్మ ఆ దవాఖానా ఉన్న ఊరి పేరు అతనితో మూడుసార్లు చెప్పించి, నాతో కూడా పలికించింది. నాలుగో రోజు బయల్దేరాం. పనిని వదిలేసి రావడం మా ఆయనకు కుదరలేదు. చక్రాలు అప్పజెప్పకపోతే పంట పొలంలోనే ఉండిపోతుంది. బండిలో గడ్డి పరిచి, నేను ఆనుకోవడానికి ఎత్తుగా మూటలు పేర్చాడు. బండి కదిలాక వెనకే చాలా దూరం నడిచి వచ్చాడు.

కోదాడ చేరడానికి రెండు రోజులు పట్టింది. దారిలో చలిగాలికి నాకు జలుబు చేసింది. మామూలు మనిషికి జలుబంటే ముక్కు తుడుచుకోవడమే. నాకున్న సందు మూసుకుపోవడానికి ఆ కాస్త చాలు. కోదాడలో బస్సు ఆగే చోట బండి దిగి పది అడుగులు వేశానో లేదో, గాలి అందలేదు. లాగుతున్నాను, లోపలికి ఏమీ రావడం లేదు. మెడ కింద గుంట లోతుగా పడిపోతోంది. చప్పుడు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది, జనం మూగారు.

అక్కడ కాంపౌండరు పని చేసే ఒకాయన పరుగున వచ్చాడు. "ఆస్తమా అండీ ఇది, పడుకోబెట్టండి, పడుకోబెట్టండి" అన్నాడు. ఇద్దరు నా భుజాలు పట్టుకున్నారు. అత్తమ్మ వాళ్ళ చేతులు విదిలించి కొట్టింది.

"పండబెడితే సస్తది! ముట్టకుండ్రి!"

నన్ను ముందుకు వంచి కూర్చోబెట్టి, వెనక మోకాళ్ళ మీద తను కూర్చుని, నా నడుం చుట్టూ చేతులు వేసింది. నా చెవిలో నోరు పెట్టి, "ఉరకకు. జల్ది గుంజితె సందు మూస్కపోతది. నిమ్మలంగ నిండనియ్యి" అంది. తిత్తి దగ్గర నాకు చెప్పిన మాటే అది. నేను కళ్ళు మూసుకుని సన్నగా, నెమ్మదిగా లాగడం మొదలుపెట్టాను. ఎదురుగా ఉన్న హోటలాయన ఒక గంగాళంలో మరిగే నీళ్ళు తెచ్చి మా ముందు పెట్టాడు. "ఆవిరి పట్టించండి పెద్దమ్మగారూ, మా పిల్లలకి గొంతు పట్టేస్తే ఇదే చేస్తాం" అన్నాడు. ఏది పనిచేసిందో తెలియదు. గడియసేపటికి దారం అంత గాలి లోపలికి పోయింది. ఆ దారం పట్టుకునే బెజవాడ బస్సెక్కాను. కండక్టరు ముందు సీటు ఖాళీ చేయించాడు. దారి పొడుగునా అత్తమ్మ నన్ను ఒరగనివ్వలేదు, నిద్రపోనివ్వలేదు.

మిషన్ దవాఖానాలో డాక్టరు యాభై ఏళ్ళ మనిషి, కోస్తావాడే. నన్ను చూడగానే చెవులకు పెట్టుకునే గొట్టం అందుకోలేదు. చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడి విన్నాడు. తర్వాత ఒక్క ప్రశ్న వేశాడు.

"ఈ ఆయాసం మొదలవకముందు ఏదైనా పెద్ద జ్వరం చేసిందా?"

ఏడాది కావస్తోంది నేను ఆయాసపడటం మొదలై. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మేమూ ఎవరికీ చెప్పలేదు. జ్వరం ఒక కథ, దమ్ము ఇంకో కథ అనుకున్నాం.

అత్తమ్మ మోతీజరా సంగతి, గొంతు పోయిన సంగతి చెప్పింది. ఆయన నొసటికి అద్దం కట్టుకుని, నా నాలుకను గుడ్డతో పట్టి లాగి, పొడుగాటి కాడకున్న చిన్న అద్దాన్ని గొంతు దాకా పెట్టి చూశాడు. బయటికి తీసి అత్తమ్మతో అన్నాడు: "టైఫాయిడ్‌లో గొంతు లోపల పుండ్లు పడ్డాయమ్మా. మానేటప్పుడు మచ్చకట్టి బిగిశాయి. మాట పుట్టే చోటికి కింద దారి సన్నబడిపోయింది. పెన్సిలు ముల్లు దూరేంత ఉంది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఉబ్బసం కాదని మీకెవరు చెప్పారు?"

"ఎవలు చెప్తరయ్యా? ఇన్న."

అప్పుడు మా అత్తమ్మ గోడకు ఆనుకుని నేల మీద చతికిలబడింది. ఆమె కూలబడటం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ సాయంత్రం లోపే నా మెడ కింద కోసి రంధ్రం చేశారు. మత్తు ఇస్తే ఊపిరి ఆగిపోతుందని, కోసే చోట మాత్రం మొద్దుబారే సూది వేశారు. నాకు అన్నీ తెలుస్తున్నాయి. బలంగా దగ్గు వచ్చింది, ఏదో వెచ్చగా మెడ మీదుగా కారింది. ఆ తర్వాత హఠాత్తుగా నిశ్శబ్దం. నెలల తరబడి ఒక్క క్షణం ఆగని ఆ ఈల ఆగిపోయింది. చచ్చిపోయాననే అనుకున్నాను. కానీ రొమ్ము లేస్తోంది, దిగుతోంది. గాలి దానంతటది వస్తోంది, పోతోంది. నేనేమీ చేయనక్కర లేదు. ఆ సుఖం ఎలాంటిదో ఎన్నిసార్లు చెప్పబోయినా మాటలు చాలలేదు. నేను చేసిన పని ఒక్కటే: నిద్రపోయాను. ఒకటిన్నర రోజు.

లేచాక మాట్లాడబోతే మాట లేదు. గాలి మెడలోని వెండి గొట్టం గుండా పోతోంది. గొంతుకు చేరడమే లేదు. నీళ్ళు కావాలని చేయి ఊపాను. వార్డులో ఒక నర్సమ్మ ఉండేది. ఆమె మరుసటి రోజు పలక, బలపం తెచ్చి నా ఒడిలో పెట్టింది. "రాయడం వచ్చా?" అంది. అడ్డంగా తల ఊపాను. "చదవడం?" నిలువుగా ఊపాను. "చదవడం వస్తే రాయడం ఎంతసేపు? చూసింది గీయడమే కదా" అంది. మొదటిరోజు 'నీళ్ళు' అన్న మాటను నాలుగుసార్లు తుడిచి రాశాను. వారం తిరిగేసరికి 'అత్తమ్మ అన్నం తిన్నదా' అని రాసి నర్సమ్మకు చూపించాను. ఆమె చదివి వినిపిస్తే అత్తమ్మ, "తిన్నతియ్యి, నీ సంగతి సూస్కో" అంది. ముఖం మాత్రం అటు తిప్పుకుంది.

మా ఆయన పది రోజులకు వచ్చాడు. నాకు మాట పోయిందని ఆయనకెవరూ చెప్పలేదు. నన్ను పలకరించాడు. నేను పలకలేదు. కోపమేమో అనుకుని తలవంచుకుని నిలబడ్డాడు. నేను పలక అందుకుని ఆయన పేరు రాశాను. మా ఆయనకు చదువు రాదు. చాలాసేపు ఆ అక్షరాల వైపు చూసి, "ఇదేంది?" అన్నాడు. నర్సమ్మ చెప్పింది. మంచం పట్టె మీద కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. తర్వాత వంగి నా గొట్టాన్ని పరీక్షగా చూసి, "మంచి పనోడే చేసిండు, అతుకు కనవడ్తలేదు" అన్నాడు. నేను నవ్వితే గొట్టంలోంచి గాలి బుస్సుమంది. ఆయన భయపడి వెనక్కి జరిగాడు.

తర్వాతి ఏడాదిన్నర కోదాడ మీదుగా అటూ ఇటూ తిరగడమే సరిపోయింది. రెండు నెలలకోసారి ఆ డాక్టరు గొంతులో చేదు మందు చల్లి, నున్నటి కడ్డీలు సన్నవాటి నుంచి లావువాటి దాకా ఒక్కొక్కటిగా దించి, బిగిసిన చోటును వెడల్పు చేసేవాడు. ఒకసారి గొట్టం తీసేశాడు కూడా. నలభై రోజులు అందరిలాగే ఊపిరి పీల్చాను. మళ్ళీ ఈల మొదలైంది. మళ్ళీ గొట్టం పెట్టాడు. ఆ రోజు ఆయన ముఖం చూస్తే నాకే జాలేసింది. "ఇంతకంటే నాకు చేతకాదమ్మా" అన్నాడు. డాక్టరు అంత సూటిగా చెప్పగా నేను విన్నది అప్పుడే. కడ్డీల వల్ల ఒక మేలు జరిగింది: గొట్టాన్ని వేలితో మూస్తే కాస్త గాలి పైకి పోయి బొంగురు మాట వచ్చేది. ఆ మాటతోనే ఇద్దరు పిల్లల్ని పెంచాను. వెండి గొట్టం లోపల ఇమిడి ఉండే సన్న గొట్టం అరిగిపోతే సూర్యాపేటలో వెండి బంగారాల పని చేసే మా బంధువు ఔసులాయన అచ్చు దించి కొత్తది చేసి ఇచ్చేవాడు.

నాకు మొదట మందిచ్చిన సూర్యాపేట డాక్టరు సంగతి చెప్పాలి. నేను వచ్చానని తెలిసి ఒకరోజు ఆయనే మా నాన్న ఇంటికి వచ్చాడు. మిషన్ డాక్టరు రాసిన ఉత్తరం అంతకుముందే ఆయనకు చేరింది. గుమ్మంలో చెప్పులు విడిచి, "అమ్మా, జర ఆ గొట్టం వేలితో మూసి ఊపిరి తియ్యవా? ఆ సప్పుడు నేను వినాలె. మళ్ళ ఎవరికన్న వస్తె పోల్చాలె" అన్నాడు. మూసి తీశాను. తన చెవి గొట్టాన్ని నా మెడ మీద పెట్టి, వీపు మీద పెట్టి, మళ్ళీ మెడ మీద పెట్టి, కళ్ళు మూసుకుని ఎంతోసేపు విన్నాడు. ఆయన మీద నాకేమైనా కోపం మిగిలి ఉంటే అది ఆ రోజుతో పోయింది.

మా అత్తమ్మకు పేరొచ్చింది. ఆయాసమున్నవాళ్ళను బండ్లలో తెచ్చి ఆమె ముందు కూర్చోబెట్టేవారు. చెవి ఆనించి విని, "ఇది దమ్మే, మందులు మింగు" అని చాలామందిని పంపించేసేది. ఒక పసిపిల్లను తెచ్చినప్పుడు మాత్రం విని లేచి నిలబడి, వెంటనే పెద్ద దవాఖానాకు తీసుకుపొమ్మంది. ఆ పిల్ల గొంతులోంచి పల్లిగింజ తీశారని తర్వాత తెలిసింది. కానీ తిరుమలగిరి నుంచి వచ్చిన ఒక ముసలాయనకు దమ్ము కాదని చెప్పింది. వాళ్ళు అంత దూరం పోయి చూపించుకుంటే దమ్మేనన్నారు. ఆయన దారిలోనే బాగా చెడి, నెలకు పోయాడు. ఆ కబురు విన్న రోజు నుంచి ఆమె ఎవరి ఊపిరీ వినలేదు. ఎవరైనా వస్తే, "నాకేం తెల్వదు. ఒక్క పిల్ల సంగతి తెల్సింది, అదీ దగ్గర కూసున్నందుకు. పోండ్రి" అనేది. నేను నచ్చజెప్పబోయాను. వినలేదు.

ఆమె నన్ను కూతురిలా చూసిందని రాస్తే అబద్ధమవుతుంది. అలా చూడలేదు. కూర ఉప్పైతే తిట్టింది, పిల్లలు ఏడిస్తే తిట్టింది. ఆ ఎనిమిది నెలల్లో ఇంకో పిల్లను తెచ్చుకొమ్మని తనతో ఎందరు చెప్పారో, తను ఏమని జవాబిచ్చిందో ఒక్కనాడూ నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆమె పోయాక మా ఆయన ఒకే ఒక్క ముక్క అన్నాడు: "వచ్చినోళ్ళ మొఖం మీద తలుపు మూసింది." అంతకుమించి ఆయనా చెప్పలేదు.

ఈ మధ్య మా అమ్మాయి నన్ను హైదరాబాదులో ఒక పెద్ద డాక్టరుకు చూపించింది. బిగిసిన ముక్కను కోసి తీసేసి, మంచిదాన్ని మంచిదానికి కలిపి కుట్టవచ్చట ఇప్పుడు. గొట్టం అక్కర్లేదట. "ఈ వయసులో ప్రమాదం ఉంది, లేదనను. ఆలోచించుకోండి, తొందరలేదు" అన్నాడు. నేను భయపడుతున్నానని మా అమ్మాయి అంటోంది. కొంత నిజమే. సగం కంటే ఎక్కువ జీవితం ఇలాగే గడిచింది. వేలు మెడ మీదికి పోకుండా మాట్లాడటం నాకు ఇప్పుడు వస్తుందో రాదో.

నా ఊపిరి మెడలోంచి పోతుంది, వేలితో మూసినా పైకి పోయే కాస్త గాలి మాటకే సరి, కాబట్టి నోటితో ఊదడం నాకు కుదరదు. బయటికి వస్తూ ఆ డాక్టరును ఒక్కటే అడిగాను, ఆపరేషను చేయించుకుంటే దీపం ఊది ఆర్పగలనా అని. ఆయన నవ్వాడు. ఆర్పగలరన్నాడు. నేనింకా ఏమీ తేల్చుకోలేదు.